ఎనిమిది మూరల గరిడీ

తమాలగిరి రాజ్యానికి ముఖ్యపట్టణం వజ్రతోరణం. ఆ ఊరికి తొమ్మిది గుమ్మాలు, ఒక్కో గుమ్మానికీ ఒక్కో రంగు రాయి. పొద్దు ఎటు తిరిగినా ఏదో ఒక గుమ్మం ధగధగలాడుతూనే ఉంటుంది. మేడల మీద నెమళ్ళు, వీధుల్లో పన్నీటి కలయంపి, కోట నడుమ జలక్రీడలకని తవ్వించిన పాలరాతి కొలను, ఆ కొలనులో బంగారు రేకుల తామరలు. ఇంత సొగసైన ఊళ్ళో జనం మాత్రం ఒకరి మొహం ఒకరు తిన్నగా చూసుకోరు. రాజుగారు కీర్తిభూషణుడు మూడేళ్ళుగా నోరు విప్పింది లేదు. ఆయన పక్కన నిలబడి ఆయన మాటలు కూడా తనే మాట్లాడతాడు మాంత్రికుడు ఉలూకదత్తుడు. ఎవడు వాడి వేగులవాడో, ఎవడు కాడో ఎవరికీ తెలియదు. పాలవాడు రెండుసార్లు తలుపు తడితే, రెండోసారి ఎందుకు తట్టాడా అని ఆలోచించే ఊరది.

ఉలూకదత్తుడు రాగానే చేసిన మొదటి పని, సామాన్యులకి సాము నేర్పే గరిడీలన్నీ మూయించడం. మూరకి మించిన కర్ర ఇంట్లో దొరికితే నలభై కొరడా దెబ్బలు. ఒక్క పాత ఆచారాన్ని మాత్రం వాడు ముట్టుకోలేదు. ఏటా వసంతోత్సవం చివరి రోజున గడియపోరు జరుగుతుంది. రాజుగారి వస్తాదుకి ఎదురుగా కర్ర పట్టుకుని, నీళ్ళ తొట్టిలో చిల్లిగిన్నె మునిగేదాకా పడకుండా నిలబడ్డవాడు, చెరలో ఉన్న ఒక మనిషిని విడిపించుకోవచ్చు. గెలవక్కర్లేదు, నిలబడితే చాలు. మూడేళ్ళలో తొమ్మిదిమంది దిగారు. ఆరుగురు ఎముకలు విరిగి ఇంటికొచ్చారు. బాగా నిలబడగలిగిన ముగ్గురిని మాత్రం, గిన్నె మునగబోయే వేళకి భూమి నోరు తెరిచి మింగేసింది. భూదేవి కోరుకుంది, మనమేం చేస్తాం అన్నాడు ఉలూకదత్తుడు. జనం చేతులు జోడించారు. నన్నడిగితే, సరిగ్గా వాడికి కావలసిన వేళకే భూదేవికి ఆకలి వెయ్యడం నాకు మొదట్నించీ నచ్చలేదు.

ఇక దువ్వెనల కొమరన్న సంగతికి వద్దాం. దున్నకొమ్ము కోసి, అరగదీసి, దువ్వెనలు చేసి బతికేవాడు. మనిషి సన్నం, మాట మెత్తన. బుద్ధెరిగాక ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు. అతని అన్న సింగన్న కోటలో రాతిపని మేస్త్రి. ఉలూకదత్తుడు అతని చేత రహస్యంగా ఏదో కట్టించుకుని, పని పూర్తయిన నాడే అతన్ని చెరలో వేయించాడు. అమ్మా నాన్నా లేని కొమరన్నని భుజాన మోసి పెంచింది ఆ అన్నే. వసంతోత్సవం ముగిసిన మర్నాడు సింగన్న తల తీయిస్తారని కబురు వచ్చింది. మధ్యలో ఉన్నవి నలభై రోజులు.

“నేను దిగుతానే,” అన్నాడు కొమరన్న భార్య చెంగల్వతో.

“ఎక్కడికి?”

“గడియపోరుకి.”

ఆమె చేతిలో చేట కింద పెట్టింది. “నిన్న బల్లి మీద పడితే కేక పెట్టిందెవరయ్యా?” అంది. అంది కానీ నవ్వలేదు. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, “పోనీ, నీకు నేర్పేదెవరు?” అని అడిగింది.

ఆ మర్నాడే వచ్చాడు తిప్పయ్య. సరిగ్గా ఆ మర్నాడే. 

గుబురు మీసం, చెవుల దాకా దిగిన తలపాగా, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడక. వచ్చి అరుగు మీద కూర్చుని, బొగ్గుముక్కతో ఒక దువ్వెన బొమ్మ గీశాడు. పదకొండు పళ్ళు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, రెండు మధ్యస్తం, మళ్ళీ పొట్టి.

“అబ్బీ, ఇలాంటివి రెండు కావాలి. రెంటికీ వెంట్రుకవాసి తేడా రాకూడదు.”

“దీంతో దువ్వితే జుట్టు ఊడొస్తుంది తాతా.”

“ఊడేది నా జుట్టు కాదులే. బదులుగా నీకు సాము నేర్పుతాను.”

కొమరన్న వీధిలోకి అటూ ఇటూ చూశాడు. “నాకు సాము కావాలని నీకెవరు చెప్పారు?”

“నీ మొహం చెప్పింది. నీ మొహం నీ దువ్వెనలాంటిదే, పళ్ళన్నీ బయటికే ఉంటాయి,” అన్నాడు తిప్పయ్య, లేచి నిలబడుతూ. లేవడంలో తలపాగా పక్కకి జారింది. లోపల నున్నటి బోడిగుండు. తలుపు చాటు నుంచి చెంగల్వ అది చూసింది.

“బోడివాడికి దువ్వెనెందుకయ్యా?” అంది రాత్రి అన్నం వడ్డిస్తూ.

“వాళ్ళావిడకేమో.”

“వంకరపళ్ళ దువ్వెనా? వాళ్ళావిడ మీద ఆయనకేం కక్ష?”

కొమరన్న తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. వేరే గురువు లేడు మరి. మర్నాడు మధ్యాహ్నం పాఠం మొదలైంది.

పెరట్లో బోలెడు చోటుంది. తిప్పయ్య అటు కన్నెత్తి చూడలేదు. ఇంట్లో నడిమి గదిని అడుగులతో కొలిచాడు. పొడవు ఎనిమిది మూరలు, వెడల్పు ఆరు. “ఇదే మన గరిడీ,” అని కిటికీ మూయించాడు, తలుపుకి గోనెపట్టా కట్టించాడు. మిట్టమధ్యాహ్నం గది కాటుకబరిణె అయిపోయింది. నుదురు తగిలే ఎత్తులో గది అడ్డంగా ఒక వెదురు కట్టాడు. ధాన్యం కాగుని కుడిమూల నుంచి రెండు అడుగులు ముందుకి జరిపించాడు. ఉత్తరపు గోడ మీద రొమ్ము ఎత్తులో సున్నంతో బొట్టు పెట్టాడు. ప్రతి పాఠం చివర, ఎక్కడున్నా సరే, ఎడమచేతి వేళ్ళు చీకట్లో తడుముకోకుండా ఆ బొట్టు మీద పడాలి. అది నియమం.

“ఏదో పాతర కోసం కొలుస్తున్నాడు,” అంది చెంగల్వ గుసగుసగా. “మన ఇంటికింద నిధి ఉందేమోనయ్యా.”

“నిధి ఉంటే మా నాన్న దువ్వెనలెందుకు చేస్తాడే?”

మొదటి పదిరోజులూ నిలబడడమే. మోకాళ్ళు వంచి, నడుం దించి, పాదాలు నేలకి అతికించినట్టు నిలబడాలి. తిప్పయ్య వెనక నుంచి వచ్చి తోస్తాడు. పడితే మళ్ళీ మొదలు. మూడో రోజుకి కొమరన్న మెట్టు దిగలేక కూర్చుని దిగాడు. దండీలు పది తియ్యమంటే నాలుగుకే నేల ముద్దుపెట్టుకున్నాడు. తరవాత పదిరోజులూ పడడం. అటక మీద నుంచి మొదట గడ్డి మీదికి, తరవాత వట్టి నేల మీదికి. “తల లోపలికి, భుజం ముందుకి, దొర్లు,” ఇదొక్కటే మాట. కొమరన్న ఒళ్ళంతా కమిలిపోయింది. చెంగల్వ ఆముదం రాస్తూ, “సాము నేర్పమంటే పడడం నేర్పేవాణ్ణి ఎక్కడైనా చూశామా?” అని పళ్ళు నూరింది.

ఇరవై ఒకటో రోజున చేతికి ఆయుధం ఇచ్చాడు. ఆ ఆయుధం రోకలి. కర్ర దొరికితే కొరడా దెబ్బలు గానీ, రోకలి లేని కొంప ఏది? ఎనిమిది మూరల గదిలో, చీకట్లో, రోకలితో సాము. బారుగా తిప్పితే గోడకి తగిలి మోచెయ్యి జివ్వుమంటుంది. అడుగు తప్పితే వెదురు నుదుటికి కొడుతుంది. చేతులు దగ్గరగా, దెబ్బ పొట్టిగా, వంగి లేవడం, కాగు చాటుకి వెళ్ళడం. రెండు కుండలు, ఒక దీపపు సెమ్మె, చెంగల్వ పుట్టింటి వాళ్ళిచ్చిన గాజుబరిణె ఈ విద్యకి బలైపోయాయి. బరిణె పోయిన రోజున ఆమె ముక్కలన్నీ ఏరి కొంగున మూటకట్టుకుంది. ఆ సాయంత్రమే తిప్పయ్య వెనకాల నడిచింది.

ముసుగేసుకుని, బుట్ట చంకన పెట్టుకుని, పదిబారల దూరంలో నడిచింది. ముసలాయన కాలు ఈడుస్తూ కంసాలి వీధి దాటాడు, గుర్రపుశాలలు దాటాడు, నల్లరాతి గోపురాల మేడ ముందు ఆగాడు. ఈటెలు పట్టుకున్న కాపలావాళ్ళు అడగను కూడా అడక్కుండా పక్కకి తప్పుకున్నారు. అది ఉలూకదత్తుడి మేడ. చెంగల్వ గుమ్మం ముందు పూలమ్మే ముసలమ్మని, ఆయనెవరని అడిగింది.

“తెలీదా? మాంత్రికుడి జుట్టు దువ్వేవాడు. ఏడు మూరల జుట్టమ్మా వాడిది. పొద్దునా సాయంత్రం ఈయన దువ్వాల్సిందే.”

ఇంటికొచ్చి సంగతంతా మొగుడి ముందు పెట్టింది. కొమరన్న తెల్లారేదాకా కప్పువైపు చూస్తూ పడుకున్నాడు. మర్నాడు తిప్పయ్య గుమ్మంలో అడుగు పెట్టగానే రోకలి అడ్డంపెట్టి అడిగాడు.

“నువ్వు ఉలూకదత్తుడి మనిషివా?”

“దువ్వుతాను. కాదన్నానా?”

“మరి నాకెందుకు నేర్పుతున్నావు?”

“రోజుకి రెండుసార్లు వాడి మెడ నా వేళ్ళ మధ్య ఉంటుంది అబ్బీ. ఆ మెడ ఇంకా ఎందుకు తిన్నగా ఉందో చెబితే, ఆ సంగతి నీ మొహం మీదికి వచ్చేస్తుంది. వద్దనుకుంటే చెప్పు, ఇప్పుడే వెళ్ళిపోతాను.”

ఇదీ ఒక జవాబేనా? మీరే చెప్పండి. కానీ ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. కొమరన్న రోకలి దించాడు. దించినందుకు చెంగల్వ అతన్నీ, ఆ ముసలాయన్నీ, ఆఖరికి ఆ రోకల్నీ తిట్టిపోసింది.

ఆ రోజు నుంచి కొత్త పాఠం. పెరటి గాబులో తల ముంచి ఊపిరి బిగబట్టడం. “నేను వెళ్ళాక సాయంత్రాలు చెయ్యండి. నీళ్ళలో మాట వినబడదు, కాబట్టి అమ్మాయ్, నువ్వు అంకెకొక్కటి చొప్పున అతని వీపు మీద తట్టు. నూరు తట్టేదాకా తల ఎత్తనివ్వకు.”

“కర్రసాముకీ నీళ్ళలో తల ముంచడానికీ సంబంధమేమిటి పెద్దాయనా?” అంది చెంగల్వ. “ఇంట్లోనే చంపేసి పోదామనా?”

తిప్పయ్య తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు.

మొదటి సాయంత్రం కొమరన్న ముప్పై దాటలేకపోయాడు. ముక్కులోకి నీళ్ళెక్కి గంటసేపు దగ్గాడు. రెండో సాయంత్రం నలభై. చెంగల్వ ఒక చేత్తో అతని జుట్టుముడి పట్టుకుని, ఇంకో చేత్తో వీపు మీద తడుతూ, ఏడుస్తూ, తిడుతూ లెక్కపెట్టేది. వారానికల్లా నూరు అందుకున్నాడు.

తిప్పయ్య నమ్మలేనట్టు చూశాడు. “నూరా? వారంలోనా? నిజమేనా అమ్మాయ్?”

“నేను అబద్ధాలాడతానా?” అంది చెంగల్వ, పొయ్యివైపు తిరిగిపోయి.

చివరి రోజున రెండు దువ్వెనలూ చేతికిచ్చాడు కొమరన్న. ముసలాయన ఒకదాన్ని నడుముకి దోపుకుని, రెండోది తిరిగి ఇచ్చేశాడు. “ఇది రేపు నీ జుట్టుముడిలో ఉండాలి. తల తెగినా ఇది పోగూడదు.” అంతే, ఇంకొక్క మాట చెప్పలేదు. చెంగల్వ ఆ దువ్వెనని వాసన చూసింది, ఎండలో పెట్టి చూసింది, పసుపునీళ్ళలో కడిగింది. విషమూ లేదు, మంత్రమూ లేదు. తన చేత్తోనే మొగుడి ముడిలో గుచ్చింది. 

వసంతోత్సవపు బరి అంటే ఏమనుకున్నారు? చుట్టూ వెయ్యి స్తంభాలు, స్తంభాలకి పట్టుతెరలు, నడుమ జల్లెడ పట్టిన ఎర్రమట్టి. పైన ముత్యాల గొడుగు కింద రాజుగారు, బొమ్మలా. పక్కన ఉలూకదత్తుడు, ఏడు మూరల జుట్టు పీఠం మీద నుంచి నేలకి జీరాడుతూ. ఆ జుట్టు వెనక మోకరించి, వెండి దువ్వెనతో చిక్కులు తీస్తూ తిప్పయ్య. కొమరన్నని చూసి కూడా ఎవరో అన్నట్టు తల వంచుకున్నాడు. 

ఎదురుగా వస్తాదు మహిషాంకుడు. ఉలూకదత్తుడు మంత్రించిన నూనె పూసుకుంటే ఆ శరీరానికి నొప్పి తెలియదు. గిన్నె నీళ్ళ మీద వదిలారు, కొమ్ము ఊదారు.

మహిషాంకుడి కర్ర గాలిని చీల్చుకుంటూ వచ్చింది. కొమరన్న వంగాడు. మళ్ళీ వచ్చింది, దొర్లాడు. తిరిగి కొడదామని చెయ్యి చాపబోతే చెయ్యి సాగలేదు. రోజుల తరబడి గోడలకి తగిలి తగిలి, బారెడు చోటు ఉన్నా మోచేతులు పక్కటెముకలు వదలడం మానేశాయి. విశాలమైన బరిలో లేని గోడలకి భయపడుతూ, లేని వెదురుకి తల వంచుతూ, కనబడని గదిలోనే తిరుగుతున్నాడు. జనం విరగబడి నవ్వారు.

“వీడు సాము చేస్తున్నాడా, పిండి దంచుతున్నాడా?” అని ఎవరో అరిచారు.

కొమరన్నకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ముసలాడు కావాలనే తప్పుడు విద్య నేర్పాడని అప్పుడు తేలిపోయింది. అయినా పాదాలు మాత్రం నేలని వదల్లేదు. దెబ్బలు భుజాల మీద, తొడల మీద పడుతున్నాయి, అతను పడలేదు. గిన్నె సగం మునిగింది. ముప్పాతిక మునిగింది. నవ్వులు ఆగిపోయాయి. జనంలో చెంగల్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఉలూకదత్తుడు నెమలిపింఛం పైకెత్తి ఏదో గొణిగాడు. అందరూ పింఛాన్నే చూశారు. పీఠం కింద వాడి కుడిపాదం ఒక ఇత్తడి మీటని నొక్కడం ఎవరూ చూడలేదు. మంత్రమూ లేదు, భూదేవీ లేదు, అదొక మర.

ఎర్రమట్టి రెండుగా విడిపోయింది. కొమరన్న కిందికి జారిపోయాడు. పైన జనం హాహాకారం, ఆ వెంటనే రాతిపలకలు మూసుకున్న చప్పుడు. తల లోపలికి, భుజం ముందుకి, దొర్లు. ఒళ్ళు దానంతటదే దొర్లింది. రెండు నిలువుల లోతు పడి, ఎముకైనా విరక్కుండా లేచి కూర్చున్నాడు. పక్కన చెయ్యి పెడితే ముగ్గురు మనుషుల ఎముకలు తగిలాయి.

కాటుకలాంటి చీకటి. లేచి ఒక్క అడుగు వేశాడు. నుదుటికి రాతిదూలం తగలబోయి, అలవాటుగా తల వంచాడు. తల వంచాక ఆగిపోయాడు. సరిగ్గా వెదురు ఎత్తు. కుడివైపు చెయ్యి చాచాడు, కాగు ఉండాల్సిన చోట ఒక రాతిస్తంభం. నాలుగు అడుగులకి గోడ. ఇది తన ఇల్లు. ముసలాడు నేర్పింది పైన బరి కోసం కానే కాదు.

ఆనందించేలోగా చీకట్లో ఇంకొకరి ఊపిరి వినబడింది. కాపలావాడు. ఇనపగుదియ బారుగా విసిరాడు, అది దూలానికి తగిలి నిప్పులు రాలాయి. రెండోసారి విసిరాడు, స్తంభానికి తగిలింది. కొమరన్న స్తంభం చాటు నుంచి దూలం కిందుగా వచ్చి, పడ్డప్పుడూ వదలని కర్రతో పొట్టి దెబ్బలు మూడు వేశాడు. మోకాలు, మోచెయ్యి, కణత. పిండి దంచే దెబ్బలే. ఆ కొండలాంటి మనిషి మూలుగు కూడా లేకుండా కూలిపోయాడు.

పాఠం ముగిసింది కాబట్టి ఎడమచెయ్యి ఉత్తరపు గోడ మీదికి వెళ్ళింది. సున్నపుబొట్టు ఉండాల్సిన చోట ఇనపరేకు. రేకులో చిల్లులు. తడిమి లెక్కపెట్టాడు, పదకొండు. ముడిలోంచి దువ్వెన లాగి గుచ్చాడు. లోపలెక్కడో కడ్డీలు ఒకదాని తరవాత ఒకటి పైకి లేచాయి. తలుపు తెరుచుకుంది.

“ఎవరది?” అంది బొంగురు గొంతు.

“నేనన్నా, కొమరన్నని.”

సింగన్న చేతులు అతని మొహాన్ని తడిమాయి. ఆ చేతుల్లో మాంసం లేదు.  అంతలో సింగన్న వేళ్ళు దువ్వెనకి తగిలాయి. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

“ఇది ఎవడు చేయించాడురా నీ చేత? ఎన్ని చేశావు?”

“రెండు. తిప్పయ్యని, ఒక ముసలాయన.”

“ఈ పళ్ళ లెక్క నాకూ ఉలూకదత్తుడికీ తప్ప ఎవరికీ తెలియదు. వాడి తాళపుచెవి ఎప్పుడూ వాడి జుట్టులోనే ఉంటుంది. ఈ తాళాలు రెండున్నాయి. ఒకటి నా గదికి. రెండోది పైన పాలరాతి కొలను తూముకి. అది తెరిస్తే కొలను నీళ్ళన్నీ ఈ గోతిలోకి దూకుతాయి. చచ్చినవాళ్ళని ఏట్లోకి కడిగెయ్యడానికి నా చేత కొత్తగా కట్టించాడు, ఇంకా వాడలేదు.” సింగన్న తమ్ముడి జబ్బ పట్టుకున్నాడు. “ఆ రెండోది ఎవడి దగ్గరుందిరా?”

పైనెక్కడో కడ్డీలు లేచిన చప్పుడు వినబడింది. ఒకదాని తరవాత ఒకటి, పదకొండు. తరవాత ఉరుములాంటి హోరు.

చల్లటి నీళ్ళు పాదాలని తాకాయి, మోకాళ్ళు దాటాయి. ముసలాడు చంపేశాడు అనుకున్నాడు కొమరన్న. నడుం దాకా వచ్చేసరికి పెరటి గాబు గుర్తొచ్చింది.

“అన్నా, ఈ నీళ్ళు ఏట్లోకి పోయే దారి ఎక్కడ?”

“నీ కాళ్ళ దగ్గరే, ఈ మూల. తూము తెరిస్తే ఆ రాయి తనే లేస్తుంది. కానీ పొడుగాటి సొరంగంరా. కొబ్బరికాయ వదిలి చూశాను. నూరు లెక్కపెట్టాక ఏట్లో తేలింది.”

“నూరు నాకొచ్చు.”

“నాకు రాదుగా,” అన్నాడు సింగన్న మెల్లిగా.

అప్పుడు గానీ కొమరన్నకి తట్టలేదు. ముసలాడు ఊపిరి బిగబట్టడం నేర్పింది ఒక్కడికే. అన్న సంగతి మరిచిపోయాడా, లేక లెక్కలోనే పెట్టుకోలేదా? ఆలోచించడానికి వ్యవధి లేదు. నడికట్టు విప్పి అన్నని తన వీపుకి కట్టుకున్నాడు.

“నన్ను వదిలేసి పోరా.”

“ఊరుకో. నీ చెయ్యి నా వీపు మీదే ఉంది కదా, అంకెకొకసారి తట్టు. నువ్వు కొబ్బరికాయకి ఎలా లెక్కపెట్టావో అలాగే. నేను ఈదుతాను.”

నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఇద్దరూ గుండెలనిండా గాలి పీల్చుకున్నారు. కొమరన్న మునిగాడు. ప్రవాహం ఇద్దరినీ సొరంగంలోకి లాక్కుపోయింది. గోడలు భుజాలని గీరుతున్నాయి. వీపు మీద అన్న వేళ్ళు తడుతున్నాయి. ఒకటి. రెండు. మూడు.

ఇరవైకి కొమరన్నకి ఏదో తేడాగా అనిపించింది. అన్న నిదానంగా తడుతున్నాడు. చెంగల్వ ఇంత నిదానంగా తట్టేది కాదు. ముప్పైకి రొమ్ము బిగిసింది. నలభైకి కళ్ళలో మెరుపులు, గొంతులో మంట. ఈ మంట అతనికి బాగా తెలుసు. పెరట్లో ఇది తొంభై దాటాకే వచ్చేది.

అన్న నిదానం కాదు. ఆమె తొందర. మెడనరాలు ఉబ్బడం చూడలేక, రోజురోజుకీ వేళ్ళు పరిగెత్తించి, నలభైకే నూరు చేసి అతన్ని పైకి లాగేసింది పిచ్చిది. అతనికి వచ్చింది నూరు కాదు, నలభై. ఎదుట వెలుగన్నది లేదు. అయినా ఆమె మీద కోపం రాలేదు. బతికి బయటపడితే ఆ వేళ్ళు పట్టుకుని ఏడవాలనిపించింది.

నలభై ఆరు. వీపు మీద అన్న వేళ్ళు ఆగిపోయాయి.

కొమరన్న ఒక్క క్షణం ఎదురుచూశాడు. నడికట్టు ముడిని తడిమి చూసుకున్నాడు, గట్టిగానే ఉంది. గోడని కాలితో తన్ని ముందుకి ఈదుతూ, అన్న వదిలిన చోటు నుంచి తనే లెక్క అందుకున్నాడు. నలభై ఏడు.